షహీద్ టీపూ సుల్తాన్ - సొంత బలం, పరాయి అండ

అల్లాహ్ మనిషికి ఇచ్చిన ప్రతి అనుగ్రహం అతని చేతిలో ఒక అమానతు. ఆయుష్షు అమానతు, జ్ఞానం అమానతు, సంపద అమానతు. పాలకుని మీద ఉన్న అమానతు వీటన్నిటికంటే బరువైనది. ప్రజల ప్రాణాలు, మానమర్యాదలు, పొలాలు, ఇళ్ళు, ప్రార్థనా స్థలాలు అతని రక్షణలో ఉంటాయి. వాటిని కాపాడే బలం సమకూర్చుకోవడం అతని విధి. ఆ బలాన్ని ఎంతవరకు సొంతంగా తయారు చేసుకోవాలి, ఇతర దేశాల సాయం ఎంతవరకు తీసుకోవాలి అన్న ప్రశ్న ప్రతి కాలంలోనూ పాలకుల ముందు నిలిచింది. ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలోనే జీవితం ధారపోసిన పాలకుడు మైసూరు సుల్తాను ఫతహ్ అలీ టీపూ. ఈ నెల ఆయన జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మైసూరు ఎక్కడ, మన ఏలూరు ఎక్కడ అని కొందరు అనుకోవచ్చు. సంబంధం ఉంది. అది తెలియాలంటే ముందుగా మన నేల కథ కొంత చెప్పుకోవాలి.

సిపాయిల జీతానికి పోయిన నేల

హైదరాబాదు నిజాం సింహాసనం కోసం వారసులు తగవులాడుకున్న రోజుల్లో, 1751లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారి అండతో గద్దెనెక్కాడు. ఆ అండ పేరు బుస్సీ. అతను ఫ్రెంచి సేనాని. అతని దగ్గర యూరపు పద్ధతిలో కవాతు నేర్చిన పటాలాలు, మంచి ఫిరంగులు ఉన్నాయి. నిజాం దగ్గర అలాంటివి లేవు. కనుక బుస్సీ సేన హైదరాబాదులోనే ఉండిపోయింది. ఉన్న సేనకు జీతాలివ్వాలి కదా! ఖజానాలో డబ్బు లేదు. అప్పుడు 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల ఆదాయాన్ని ఆ సేన ఖర్చు కోసం ఫ్రెంచివారికి రాసి ఇచ్చారు.

ఏలూరు సర్కారు అంటే ఈనాటి ఏలూరు చుట్టుపట్ల నేలే. కొల్లేటి ఒడ్డున వరి నాటిన రైతు, దోనెలో వల వేసిన జాలరి, ఏలూరులో మగ్గం ముందు కూర్చున్న తివాచీ నేతగాడు కట్టిన పన్ను ఎక్కడో హైదరాబాదులో కాపలా కాసే పరదేశి సిపాయి జీతమైపోయింది. వారిని ఎవరూ అడగలేదు.

ఆ ఏర్పాటు కూడా నిలవలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. తర్వాత ఏలూరు మీదుగా బందరుకు వెళ్ళి 1759 ఏప్రిల్‌లో ఆ కోటను పట్టుకున్నాడు. 1766లో నిజాం అలీతో జరిగిన ఒప్పందంతో ఈ సర్కార్లు ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. సొంత సేనను తీర్చిదిద్దుకోలేని పాలకుడు ముందు ఒకరిని పిలిచాడు, తర్వాత ఇంకొకరికి లొంగాడు. మధ్యలో పోయింది మన నేల.

పాఠకులు బుస్సీ పేరు గుర్తుంచుకోవాలి. ముప్ఫై ఏళ్ళ తర్వాత అతను టీపూ సుల్తాన్ జీవితంలోనూ కనిపిస్తాడు.

జననం, విద్య

టీపూ సుల్తాన్ బెంగుళూరు దగ్గర దేవనహళ్ళిలో జన్మించారు. జన్మదినం 1750 నవంబరు 20 అని కొందరు, 1751 డిసెంబరు 1 అని మరికొందరు రాశారు. తండ్రి హైదర్ అలీ. తల్లి ఫాతిమా ఫఖ్రున్నీసా మన కడప కోటకు అధిపతిగా ఉన్న మీర్ మొయీనుద్దీన్ గారి కుమార్తె. అంటే టీపూకు అమ్మమ్మగారి ఊరు తెలుగు నేలే. ఆర్కాటులో సమాధి అయిన టీపూ మస్తాన్ ఔలియా పేరు బిడ్డకు పెట్టుకున్నారు.

హైదర్ అలీకి చదువు రాదు. సాధారణ సిపాయి స్థాయి నుంచి మైసూరు రాజ్యాన్ని శాసించే స్థాయికి ఎదిగిన ఆయన, తనకు లేని చదువు కొడుక్కి ఉండాలని పట్టుబట్టారు. ఖుర్ఆన్, అరబ్బీ, పార్శీ, కన్నడం, ఉర్దూ, గణితం టీపూకు నేర్పించారు. గాజీఖాన్ అనే సేనాని దగ్గర గుర్రపుస్వారీ, కత్తిసాము నేర్పించారు. యూరపు యుద్ధ పద్ధతిని ఫ్రెంచి అధికారుల వద్ద నేర్చుకునే అవకాశం కల్పించారు. పదిహేడేళ్ళు నిండే వయసులో, 1767లో, టీపూ మద్రాసు పొలిమేరల వరకు గుర్రపు దళాన్ని నడిపించి కంపెనీ వారిని గడగడలాడించారు. చదువు మీద ఆయనకున్న ప్రేమ చివరివరకు తగ్గలేదు. ఆయన మరణించే నాటికి శ్రీరంగపట్నం గ్రంథాలయంలో సుమారు రెండు వేల చేతిరాత గ్రంథాలు ఉన్నాయి.

ఇనుప గొట్టం చేసిన పని

టీపూ పేరు ఈనాటికీ ప్రపంచ సైనిక చరిత్రలో నిలవడానికి ముఖ్య కారణం రాకెట్లు. ఈ విద్య ఆ ఇంటికి కొత్త కాదు. హైదర్ అలీ తండ్రి ఫతహ్ ముహమ్మద్ ఆర్కాటు నవాబు కొలువులో యాభై మంది రాకెట్ సిపాయిలకు నాయకుడిగా పనిచేశారు. ఆ రోజుల్లో రాకెట్టు అంటే మనం పండుగలకు కాల్చే తారాజువ్వ లాంటిదే. వెదురు గొట్టంలోనో, కాగితపు గొట్టంలోనో సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు దట్టించేవారు. మందు ఎక్కువ పెడితే గొట్టం పగిలిపోతుంది. తక్కువ పెడితే దూరం పోదు. ప్రపంచమంతా ఇక్కడే ఆగిపోయింది.

మైసూరు కమ్మరులు ఆ గొట్టాన్ని ఇనుముతో చేశారు. మెత్తని ఇనుప రేకును చుట్టి, ఒక వైపు మూసి, మరో వైపు సన్నని రంధ్రం ఉంచారు. ఇనుము ఒత్తిడికి తట్టుకుంటుంది. కనుక మందును గట్టిగా దట్టించవచ్చు. వెనుక నుంచి మంట ఎంత బలంగా దూసుకొస్తే రాకెట్టు అంత దూరం పోతుంది. దారి తప్పకుండా దానికి పొడవాటి వెదురు బద్దనో, కత్తినో తోలుతో బిగించి కట్టేవారు. జానెడు గొట్టం కిలోమీటరు దాటి, కొన్నిసార్లు రెండు కిలోమీటర్ల దాకా పోయేది. గురి కచ్చితంగా ఉండేది కాదు. అందుకే ఒకటీ అరా కాకుండా వరుసగా అనేకం వదిలేవారు. శత్రువుల గుర్రాలు బెదిరేవి, ఎడ్లు బండ్లను లాక్కుని పారిపోయేవి, మందుగుండు పెట్టెలకు నిప్పంటుకునేది.

హైదర్ అలీ కాలంలో పన్నెండు వందల మంది ఉన్న రాకెట్ దళాన్ని టీపూ ఐదు వేలకు పెంచారు. ఒక్కో సైనిక విభాగంలో రెండు వందల మంది రాకెట్ సిపాయిలు ఉండాలని నియమం పెట్టారు. జైనుల్ ఆబిదీన్ షూస్తరీ చేత ఫత్‌హుల్ ముజాహిదీన్ అనే సైనిక నిబంధనల గ్రంథం రాయించారు. గొట్టం వ్యాసాన్ని బట్టి, శత్రువు ఉన్న దూరాన్ని బట్టి ఎంత వాలుగా నిలిపి వదలాలో లెక్క వేయడం సిపాయిలకు నేర్పారు. చక్రాల బండి మీద అనేక రాకెట్లు పెట్టి ఒక్కసారి వదిలే ఏర్పాటు చేశారు. శ్రీరంగపట్నం, బెంగుళూరు, చిత్రదుర్గం, బిదనూరులలో తారామండల్‌పేటలు వెలిశాయి. తుపాకులు, ఫిరంగులు పోసే కార్ఖానాలు నడిచాయి. బిదనూరును ఈనాడు నగర అంటారు. శివమొగ్గ జిల్లాలోని ఆ ఊళ్ళో 2018లో ఒక పాడుబడిన బావిని తవ్వితే వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ రాకెట్టును ఏ ఫ్రెంచివాడూ తెచ్చి ఇవ్వలేదు. అది మన దక్కను కమ్మరి చేతి పని. టీపూ చేసిందల్లా ఆ కమ్మరికి గౌరవమిచ్చి, పనిముట్లు ఇచ్చి, చేతిపనిని లెక్కతో, క్రమశిక్షణతో జోడించడమే.

పొల్లిలూరు విజయం

సొంత కార్ఖానాలు ఉన్నా, యూరపు తుపాకులు, మందుగుండు మైసూరుకు ఫ్రెంచివారి మహే రేవు నుంచే ఎక్కువగా వచ్చేవి. మన కొల్లేటికి ఉప్పుటేరు ఎలాంటిదో మైసూరుకు మహే అలాంటిది. సరస్సు నీళ్ళన్నీ సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అది పూడిపోతే ఊళ్ళు మునుగుతాయి. ఇంగ్లీషువారికి ఆ కిటుకు తెలుసు. 1779లో మహేను పట్టుకున్నారు. అదే ఏడాది బసాలత్ జంగ్ నుంచి మన గుంటూరు సర్కారును తీసుకుని, హైదర్ ఏలుబడిలోని కడప సీమ మీదుగా అడగకుండానే సేనను పంపబోయారు. ఈ రెండు కారణాలు కలిసి రెండవ మైసూరు యుద్ధం మొదలైంది.

1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో టీపూ, ఆయన తండ్రి కలిసి కర్నల్ బెయిలీ సేనను చుట్టుముట్టారు. రాకెట్లు, ఫిరంగుల దాడిలో ఇంగ్లీషువారి మందుగుండు బండ్లు పేలిపోయాయి. బెయిలీ పట్టుబడ్డాడు. భారతదేశంలో కంపెనీ సేన అంతకు ముందు ఎన్నడూ అంత ఘోరంగా ఓడలేదు. 1782 ఫిబ్రవరిలో తంజావూరు సీమలో కర్నల్ బ్రైత్‌వెయిట్ సేన కూడా టీపూ చేతికి చిక్కింది.

1782 డిసెంబరు 7న మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ అలీ కన్నుమూశారు. టీపూ అప్పుడు మలబారు తీరంలో ఉన్నారు. ఆయన వచ్చేవరకు మంత్రులు ఆ వార్తను గుట్టుగా ఉంచారు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఒక్కరు నోరు జారినా రాజ్యం చెదిరిపోయేది. అమానతు కాపాడే మనుషులు ఉన్నప్పుడు రాజ్యం ఎలా నిలుస్తుందో ఆ కొద్ది రోజులు చూపించాయి.

బుస్సీ మళ్ళీ వచ్చాడు

టీపూకు సాయంగా ఫ్రెంచి రాజు పంపిన సేనతో 1783 మార్చిలో బుస్సీ తిరిగి వచ్చాడు. ఏలూరు సర్కారును జీతంగా పుచ్చుకున్న ఆ బుస్సీయే. అప్పటికి ముసలివాడయ్యాడు, వాతంతో బాధపడుతున్నాడు. కడలూరు దగ్గర ఇంగ్లీషువారితో పోరు జరుగుతుండగానే యూరపు నుంచి కబురు వచ్చింది. ఫ్రాన్సు, ఇంగ్లండు సంధి చేసుకున్నాయి. అంతే, ఫ్రెంచివారు కత్తులు దించేశారు. మంగుళూరు కోట ముట్టడిలో టీపూ పక్కన నిలిచిన ఫ్రెంచి సిపాయిలను కూడా వెనక్కు రమ్మన్నారు. టీపూ మీద ప్రేమ తగ్గి కాదు, వారి రాజు అవసరం తీరిపోయింది కనుక.

టీపూ ఒంటరిగానే ముట్టడి సాగించారు. 1784 మార్చి 11న ఇంగ్లీషువారు మంగుళూరులో ఆయనతో సంధి చేసుకున్నారు. పట్టుకున్న ప్రాంతాలను ఎవరివి వారికి ఇచ్చేశారు. ఒక భారతీయ పాలకుడు కంపెనీతో తలవంచకుండా చేసుకున్న చివరి సంధుల్లో ఇది ఒకటి. దానికి ఆధారం ఆయన సొంత సేన, సొంత ఫిరంగులు, సొంత రాకెట్లు.

దూరదేశాలకు రాయబారాలు

ఇతరుల నుంచి నేర్చుకోవడం మన ధర్మంలో తప్పు కాదు. హిజ్రీ 5వ సంవత్సరంలో మదీనా మీదికి శత్రుకూటమి దండెత్తి వచ్చినప్పుడు, పారశీక దేశస్థుడైన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తమ దేశపు పద్ధతి ప్రకారం కందకం తవ్వమని సలహా ఇచ్చారు. దైవప్రవక్త (స) ఆ సలహాను స్వీకరించారు. అయితే కందకం తవ్వింది మదీనా చేతులే. దైవప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారు. విద్య పరాయిది, చేతులు మనవి.

టీపూ కూడా ఈ దారినే నడవాలనుకున్నారు. 1786లో గులాం అలీఖాన్ నాయకత్వంలో ఉస్మానీ ఖలీఫా దగ్గరకు రాయబారం పంపారు. వందల మంది మస్కట్, బస్రా, బాగ్దాద్ మీదుగా ఇస్తాంబుల్ వెళ్ళారు. సైనిక సాయంతో పాటు తుపాకులు, ఫిరంగులు చేసే పనివారిని కూడా అడిగారు. ఖలీఫా అబ్దుల్ హమీద్ రష్యాతో యుద్ధంలో చిక్కుకుని ఉన్నారు. ఇంగ్లీషువారిని నొప్పించే స్థితిలో లేరు. గౌరవ బిరుదులు దక్కాయి, సేన దక్కలేదు. రోగాలు, ప్రమాదాల వల్ల తిరిగి వచ్చినవారు కొద్దిమందే.

1787లో మరో రాయబారం పుదుచ్చేరి నుంచి ఫ్రాన్సుకు ఓడ ఎక్కింది. ముహమ్మద్ దర్వేష్ ఖాన్, అక్బర్ అలీఖాన్, ముహమ్మద్ ఉస్మాన్ ఖాన్ 1788 ఆగస్టులో వెర్సాయి మహలులో పదహారవ లూయీ రాజును కలిశారు. రాజు విందులిచ్చాడు, కానుకలిచ్చాడు. కానీ ఖజానా ఖాళీ అయిన ఆ రాజు సేనను ఇవ్వలేకపోయాడు. మరుసటి ఏడాదే అతని రాజ్యంలో విప్లవం పుట్టింది. అయితే ఈ రాయబారం పూర్తిగా వృథా కాలేదు. ఆయుధాలు చేసేవారు, గడియారాలు చేసేవారు, ఇతర పనివారు కొందరు ఫ్రాన్సు నుంచి శ్రీరంగపట్నం వచ్చారు. రాజు ఇవ్వని సేన కంటే ఆ పనివారే టీపూకు ఎక్కువ ఉపయోగపడ్డారని మేము భావిస్తాము.

సగం రాజ్యం పోయింది

1789 డిసెంబరులో టీపూ తిరువాన్కూరు సరిహద్దు గోడ మీద దాడి చేశారు. ఆ రాజు ఇంగ్లీషువారి మిత్రుడు. కంపెనీకి కావలసిన సాకు దొరికింది. కంపెనీ, మరాఠాలు, నిజాం ఏకమయ్యారు. పొరుగువారందరినీ ఒకేసారి శత్రువులుగా చేసుకున్న రాజ్యానికి దూరదేశపు మిత్రుడు పనికిరాడు. 1791లో బెంగుళూరు కోట పోయింది. 1792లో శ్రీరంగపట్నంలో సంధి జరిగింది. సగం రాజ్యం, మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు ఇవ్వాలని షరతు. డబ్బు చెల్లించేవరకు ఇద్దరు పసి కుమారులు అబ్దుల్ ఖాలిఖ్, ముయిజుద్దీన్‌లను తాకట్టుగా పెట్టాలి. తండ్రి అయినవారెవరికైనా ఆ రోజు ఎలా గడిచి ఉంటుందో చెప్పనక్కరలేదు. డబ్బు కట్టి 1794లో పిల్లలను విడిపించుకున్నారు. కడప సీమ నిజాం భాగానికి వచ్చింది.

నూరుమంది కోసం ఒక యుద్ధం

ఓడినా టీపూ కుంగిపోలేదు. కార్ఖానాలు మళ్ళీ నడిచాయి. అయితే ఈసారి ఒక పరాయి అండ ఆయన ప్రాణం మీదికే తెచ్చింది. 1797లో రిపో అనే ఫ్రెంచివాడు మంగుళూరు చేరి, మారిషస్ ద్వీపంలో పెద్ద ఫ్రెంచి సేన సిద్ధంగా ఉందని నమ్మబలికాడు. టీపూ రహస్యంగా దూతలను పంపారు. అక్కడి గవర్నరు మలార్తిక్ దగ్గర సేన లేదు. రహస్యం కాపాడవలసిన అతను 1798 జనవరిలో బహిరంగ ప్రకటన వేయించాడు. టీపూ సుల్తాన్ ఇంగ్లీషువారితో యుద్ధానికి ఫ్రెంచి సాయం కోరుతున్నారని, ఇష్టమున్నవారు పేర్లు ఇవ్వవచ్చునని ఊరంతా చాటాడు. ఏప్రిల్‌లో మంగుళూరులో దిగింది సుమారు వంద మంది. ఆ ప్రకటన ప్రతి మాత్రం గవర్నర్ జనరల్ వెలస్లీ చేతికి చేరింది. అతనికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేకపోయింది.

మిగతా ఆశలు కూడా ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఈజిప్టులో దిగిన నెపోలియన్ టీపూకు రాసిన ఉత్తరం దారిలోనే ఇంగ్లీషువారికి చిక్కింది. కాబూల్ పాలకుడు జమాన్ షా లాహోరు దాకా వచ్చి, వెనుక నుంచి ఇరాన్ భయం రేగడంతో తిరిగి వెళ్ళిపోయారు. ఈజిప్టు మీద ఫ్రెంచి దాడితో ఉడికిపోయిన ఉస్మానీ సుల్తాన్ మూడవ సలీం, ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారితో రాజీ పడమని టీపూకు ఉత్తరం రాశారు. ఒకే ధర్మాన్ని అనుసరించినంత మాత్రాన రాజ్యాల అవసరాలు ఒకటి కావు. ఈ చేదు నిజం టీపూకు చివరి నెలల్లో అర్థమైంది.

అదే సమయంలో హైదరాబాదులో ఏం జరిగిందో కూడా చూడాలి. నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పెంచిన పద్నాలుగు వేల సేన ఉంది. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో ఆ పద్నాలుగు వేల మంది చేతుల్లోని ఆయుధాలను ఇంగ్లీషువారు యుద్ధం లేకుండానే దింపించారు. జీతానికి నిలిచిన బలం జీతంతోనే పోయింది.

శ్రీరంగపట్నం, 1799 మే 4

1799లో మూడు వైపుల నుంచి సేనలు శ్రీరంగపట్నం మీదికి వచ్చాయి. ఏప్రిల్‌లో సుల్తాన్‌పేట తోపులో ఒక రాత్రి ఆర్థర్ వెలస్లీ దళం మైసూరు రాకెట్ల వానలో చెల్లాచెదురైంది. తర్వాత నెపోలియన్‌ను ఓడించి పేరు పొందిన వెల్లింగ్టన్ ఈయనే. కానీ కోట గోడకు గండి పడింది. మే 4న మధ్యాహ్నం ఎండ మండుతున్న వేళ శత్రువులు కావేరి దాటి గండిలోంచి ఎక్కారు. ఆ సమయానికి గండి దగ్గర కాపలా ఉండవలసిన సిపాయిలను జీతాలు పంచుతామనే సాకుతో మంత్రి మీర్ సాదిఖ్ పక్కకు పిలిపించాడని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. మైసూరు సిపాయిలే అతన్ని నరికి చంపారు. ఉర్దూలో ఈనాటికీ ద్రోహికి మారుపేరు మీర్ సాదిఖ్.

టీపూ పారిపోయే అవకాశం ఉండి కూడా సామాన్య సిపాయిలా తుపాకి పట్టి గోడ మీద పోరాడారు. నీటి ద్వారం దగ్గర గాయాలతో పడిపోయి షహీద్ అయ్యారు. రాత్రి శవాల కుప్పలో ఆయన దేహాన్ని వెదికి గుర్తించారు. మరునాడు తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.

న్యాయంగా చెప్పవలసినది

మనవాడని మంచి మాత్రమే చెప్పడం న్యాయం కాదు. సాక్ష్యం మనకు విరుద్ధమైనా నిజమే చెప్పాలన్నది మన ధర్మం. కొడగు, మలబారు ప్రాంతాల తిరుగుబాట్లను టీపూ చాలా కఠినంగా అణచారు. కొడగు ప్రజలను, మంగుళూరు క్రైస్తవులను ఊళ్ళకు ఊళ్ళు బందీలుగా తరలించారు. బలవంతపు మతమార్పిడులు జరిగాయి. ధర్మంలో బలవంతానికి తావు లేదు కనుక ఆ పనులను ఎవరూ సమర్థించలేరు. అదే సుల్తాన్ 1791లో మరాఠా దండు శృంగేరి మఠాన్ని దోచినప్పుడు, మఠాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ధనం పంపి, స్వామివారికి ఎంతో గౌరవంతో ఉత్తరాలు రాశారు. రెండూ నిజమే. రాకెట్టు దూరాన ఉన్న శత్రువును ఆపగలదు. సొంత ప్రజల్లో పుట్టిన కోపాన్ని ఆపలేదు. దాన్ని ఆపేది న్యాయం ఒక్కటే.

తర్వాత జరిగినది

కోట పడ్డాక ఇంగ్లీషువారికి ఏడు వందల సిద్ధమైన రాకెట్లు, తొమ్మిది వేల ఖాళీ గొట్టాలు దొరికాయి. కొన్నిటిని ఇంగ్లండుకు పంపారు. అక్కడ ఊల్విచ్ ఆయుధాగారంలో విలియం కాంగ్రీవ్ వాటిని ఆధారం చేసుకుని కొత్త రాకెట్లు తయారు చేశాడు. 1807లో కోపెన్‌హేగెన్ నగరం మీద, 1814లో అమెరికా కోటల మీద వాటిని వదిలారు. మన కమ్మరి కనిపెట్టిన విద్యను వారు లెక్కల్లోకి, పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. మనం మరచిపోయాం.

నిజాం సంగతి ఏమైంది? టీపూ నుంచి 1792లోనూ, 1799లోనూ వచ్చిన కడప, బళ్ళారి సీమలన్నిటినీ 1800లో ఇంగ్లీషు సేన ఖర్చు కింద కంపెనీకే ఇచ్చేశాడు. ఇప్పుడు మనం రాయలసీమ అంటున్న ఆ నేలను అప్పట్లో దత్తమండలాలు అన్నారు. 1753లో ఏలూరు ఎలా పోయిందో, 1800లో కడప అలాగే పోయింది. సిపాయి అద్దెకు నేలతో బాడుగ కట్టారు.

మనం నేర్చుకోవలసినది

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశం ఈ పాఠాన్ని కొంత గుర్తుపెట్టుకుంది. 1970లో హైదరాబాదులో భారత్ డైనమిక్స్ సంస్థ ఏర్పడింది. 1982లో డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం గారు హైదరాబాదు రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు అధిపతిగా వచ్చారు. మరుసటి ఏడాది మొదలైన క్షిపణి కార్యక్రమం నుంచే పృథ్వి, అగ్ని పుట్టాయి. అమెరికాలోని వాలప్స్ రాకెట్ కేంద్రంలో టీపూ సేన రాకెట్లు వదులుతున్న చిత్రం గోడ మీద చూశానని కలాం గారు తన ఆత్మకథలో రాసుకున్నారు. మనవారు మరచినదాన్ని పరాయివారు గోడ మీద పెట్టుకున్నారు.

1998లో రష్యాతో కలిసి మొదలుపెట్టిన బ్రహ్మోస్ క్షిపణిని 2001 జూన్‌లో మొదటిసారి ప్రయోగించారు. ఇందులో రష్యా విద్య ఉంది, మన ఇంజనీర్ల చేతులూ ఉన్నాయి. 2022లో ఫిలిప్పీన్స్ దేశం దాన్ని మన దగ్గర కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2025 మేలో మన పక్కనే కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సహకారం అంటే ఒకరి సిపాయిని అద్దెకు తెచ్చుకోవడం కాదు, ఒకరి విద్యను మన చేతుల్లోకి తెచ్చుకోవడం. మన ఏలూరు తివాచీయే అందుకు సాక్ష్యం. ఆ నేత పారశీక దేశం నుంచి వచ్చింది. మన ఊరి చేతులు దాన్ని నేర్చుకున్నాయి. ఇప్పుడు దాన్ని ఎవరూ పారశీక తివాచీ అనరు, ఏలూరు తివాచీ అంటారు.

మన యువకులకు ఒక మాట. టీపూ చిత్రపటం గోడకు అంటించి వాదులాడుకోవడంతో ఆయన పట్ల మన బాధ్యత తీరదు. చిత్రపటం మీద జరిగే గొడవ వల్ల ఒక్క పిల్లవాడికీ గణితం రాదు. ఆయన కమ్మరి కొలిమి పక్కన నిలిచి పని తెలుసుకున్న పాలకుడు. లేత్ యంత్రం మీద పనిచేసే కుర్రవాడు, వెల్డింగు నేర్చినవాడు, పాలిటెక్నిక్ చదివే ఆడపిల్ల, మదర్సాలో హదీసుతో పాటు లెక్కలు కూడా శ్రద్ధగా నేర్చుకునే విద్యార్థి ఆయనకు నిజమైన వారసులు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువారు తమ యుద్ధం కోసం మన నేల మీద విమానాల రన్‌వే వేశారు. ఇప్పుడు అదే ఊళ్ళో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నడుస్తోంది. అందులో మన పిల్లలకు సీటు రావాలంటే పదో తరగతి నుంచే తల్లిదండ్రులు శ్రద్ధ పెట్టాలి. మసీదు కమిటీలు లెక్కలు, సైన్సు నేర్పే సాయంత్రపు తరగతి ఒకటి పెడితే, అది టీపూ పేరు మీద చేసిన మంచి పని అవుతుంది.

బలం అమానతు. విద్య ఆ బలానికి మూలం. న్యాయం దానికి కాపలా. ఈ మూడింటిలో ఏది లోపించినా కోట గోడకు గండి పడుతుంది. అల్లాహ్ షహీద్ టీపూ సుల్తాన్ తప్పులను మన్నించి, ఆయన త్యాగాన్ని స్వీకరించుగాక. మన దేశాన్ని శాంతి భద్రతలతో ఉంచుగాక. మన పిల్లలకు ఉపయోగపడే విద్యను, దాన్ని న్యాయంగా వాడే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.